కొలతకు అందనిది: హోప్ టౌన్ చరిత్రలో విజ్ఞానం, దర్శనం

మన సభలలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది: బౌద్ధం శాస్త్రీయమైన ధర్మం. ఈ మాట వెనుక న్యాయమైన గర్వం ఉన్నది. పుట్టుకను బట్టి మనిషి విలువను నిర్ణయించే వ్యవస్థను విడిచి వచ్చినవారు, విశ్వాసం కంటె విచారణకే పెద్దపీట వేసిన ధమ్మాన్ని స్వీకరించామని చెప్పుకోవడం సహజం. అయినా ఆ మాటను ఒకసారి నిలిపి పరిశీలించవలసిన అవసరం ఉన్నది. తెలుగులో ‘శాస్త్రం’ అనే పదం చాలా బరువులు మోస్తున్నది. భౌతికశాస్త్రం శాస్త్రమే, తత్త్వశాస్త్రమూ శాస్త్రమే. వాస్తుశాస్త్రం, జ్యోతిషశాస్త్రం కూడా ఆ పేరుతోనే చెలామణి అవుతున్నాయి. మనుషులను వర్ణాలుగా విడదీసిన గ్రంథాలకు సైతం ధర్మశాస్త్రాలనే పేరు. పురోహితుడు ‘శాస్త్రం ఒప్పుకోదు’ అన్నప్పుడు, ప్రయోగశాలలోని అధ్యాపకుడు అదే మాట అన్నప్పుడు అర్థం ఒకటి కాదు. మరోవైపు, ఎవరైనా జీవితాన్ని గురించి లోతైన ప్రశ్న వేస్తే ‘వేదాంతం చెప్పకు’ అని తోసిపుచ్చడం మన వాడుక. తత్త్వవిచారణ అంటే పనిలేనివాడి నిట్టూర్పు అని మన నుడికారమే తీర్పు చెప్పినట్లయింది.

ఈ రెండు వాడుకలూ మనకు నష్టం చేస్తున్నాయి. మొదటిది ధమ్మాన్ని ప్రయోగశాల గుమ్మం ముందు నిలబెట్టి ధ్రువపత్రం అడిగిస్తుంది. రెండవది ధమ్మంలోని అసలు శక్తిని, అనగా ప్రశ్నించే శక్తిని, మన చేతినుండి జారవిడుస్తుంది. విజ్ఞానశాస్త్రం చేసే పని ఏది, తత్త్వశాస్త్రం చేసే పని ఏది, రెండింటికీ మధ్య సరిహద్దు ఎక్కడ అన్నది తెలుసుకోవడం కేవలం పండితుల వినోదం కాదు. ఆ సరిహద్దు చెరిగిపోయిన చోట మనుషులు ఎంత మూల్యం చెల్లించారో చరిత్ర చూపుతున్నది. అందుకు ఉదాహరణగా సముద్రం మధ్యనున్న ఒక చిన్న ఊరిని తీసుకుందాం.

ఆ ఊరు అండమాన్ దీవులలోని హోప్ టౌన్. ఆ పేరుకు ఆశానగరమని అర్థం. దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగా, మౌంట్ హారియట్ కొండ పాదాన ఉన్నది. ఆ దీవులు తెలుగువారికి పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుండి జీవనోపాధికై వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం.

1872 ఫిబ్రవరి 8

1857 తిరుగుబాటు అణచివేత తరువాత, 1858 మార్చిలో, బ్రిటిష్ ప్రభుత్వం 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో ద్వీపాంతర శిక్షాస్థావరాన్ని ప్రారంభించింది. అడవి నరకడం, చిత్తడి నేల పూడ్చడం, రేవులు కట్టడం ఖైదీల పని. జ్వరాలతో, ఆకలితో, ఉరికొయ్యపై మరణించినవారు ఎందరో. క్రమంగా రాస్, చాతం, వైపర్ దీవులలోను, ఎదుటి తీరాన హోప్ టౌన్‌లోను ఖైదీల విడుదులు వెలిశాయి.

1872 ఫిబ్రవరి 8న భారత వైస్రాయి లార్డ్ మేయో ఈ స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చాడు. పగలంతా దీవులు చూసి, సాయంకాలం మౌంట్ హారియట్ ఎక్కాడు. అక్కడ ఆరోగ్యవిడిది నెలకొల్పడానికి అనువైన స్థలం ఉన్నదో లేదో చూడాలన్నది ఆయన ఉద్దేశం. సూర్యాస్తమయం చూసి, చీకటిపడ్డాక దివిటీల వెలుగులో హోప్ టౌన్ రేవుకు దిగివచ్చాడు. పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ వెనుకనుండి దూకి కత్తితో పొడిచాడు. వైస్రాయి ఓడకు చేరేలోపే మరణించాడు. షేర్ అలీ వాయవ్య సరిహద్దు ప్రాంతపు పఠాన్. పెషావరులో బంధువును చంపిన నేరానికి మరణశిక్ష పడి, అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారింది. సత్ప్రవర్తన కలిగినవాడన్న పేరుతో మంగలి పని చేసుకొనడానికి అనుమతి పొందినవాడు. ఎందుకు చంపావని అడిగితే దేవుని ఆజ్ఞ అన్నాడు, తోడెవరని అడిగితే దేవుడే అన్నాడు. మరుసటి నెలలో వైపర్ ద్వీపంలో అతనిని ఉరితీశారు.

చరిత్ర పుస్తకాలు ఈ కథను ఇక్కడ ముగిస్తాయి. మన విచారణ ఇక్కడే మొదలవుతుంది. ఆ సాయంకాలం హోప్ టౌన్ రేవులో రెండు జాతుల ప్రశ్నలు పక్కపక్కన నిలిచి ఉన్నాయి.

కొండగాలి నుండి దోమ వరకు

మొదటిది వైస్రాయిని కొండ ఎక్కించిన ప్రశ్న: జ్వరాలు ఎందుకు వస్తున్నాయి? 1872లో వైద్యులలో అత్యధికులు చెప్పిన జవాబు, చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి. అందుచేతనే కొండమీది గాలి మంచిదని, రోగులకు ఎత్తైన చోట విడిది కావాలని భావించారు. మలేరియా అన్న పేరుకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం.

ఈ జవాబు పాతికేళ్లు తిరగకముందే కూలిపోవడం మొదలైంది. 1880లో అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ ఒక దోమను కోసి దాని పొట్టగోడలో ఆ జీవి పెరుగుతున్న గుర్తులను చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి దోమకాటు ద్వారానే వ్యాధి పాకుతుందని నిరూపించాడు. ఇటలీ పరిశోధకులు మనుషుల విషయంలో దానిని స్థిరపరచారు. 1910ల ఆరంభంలో క్రిస్టఫర్స్ అనే వైద్యాధికారి అండమాన్‌లో పరిశోధించి, తీరంలోని ఉప్పు చిత్తడి నీటిలో పెరిగే ఒక జాతి దోమ అక్కడి జ్వరాలకు కారణమని తేల్చాడు. అంటే ఖైదీలను చంపినది గాలి కాదు, ఆ గాలిలో ఎగిరిన దోమ.

విజ్ఞానశాస్త్ర స్వభావం ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. దాని ప్రశ్నకు ప్రకృతి జవాబు చెప్పగలదు. దోమను కోసి చూడవచ్చు, రక్తాన్ని పరీక్షించవచ్చు, ఒకరు చూసినదానిని వేరొకరు మరో దేశంలో సరిచూడవచ్చు. జవాబు తప్పయితే అది తప్పని తేలుతుంది. చెడుగాలి సిద్ధాంతం చెప్పినవారు మూర్ఖులు కారు. చిత్తడి నేలలకూ జ్వరానికీ సంబంధం ఉన్నదని వారు సరిగానే గమనించారు, కాని సంబంధాన్ని కారణంగా పొరబడ్డారు. విజ్ఞానానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు, తన నిన్నటి మాటను నేడు మార్చుకోగలగడమే దాని బలం. ఇంకొక సంగతి: రాస్ స్వభావం మంచిదైనా చెడ్డదైనా దోమ మాత్రం మలేరియాను మోస్తూనే ఉంటుంది. వైజ్ఞానిక సత్యం తనను కనుగొన్నవాని శీలంపై ఆధారపడదు.

రెండవ జాతి ప్రశ్న

రేవులో నిలిచిన రెండవ ప్రశ్న వేరు. షేర్ అలీ ఎందుకు చంపాడన్నదానికి ఒక మేరకు విచారణాధికారి జవాబు చెప్పగలడు: కత్తి ఎక్కడిది, కావలివారు ఎటు చూస్తున్నారు, ఎవరైనా ప్రేరేపించారా. అతని గతాన్ని, వైరాలను తవ్వి చరిత్రకారుడు మరికొంత చెప్పగలడు. ఇవన్నీ తెలిశాక కూడా మిగిలే ప్రశ్నలు ఉన్నాయి. దేవుని ఆజ్ఞ అన్నంతమాత్రాన హత్య ధర్మమవుతుందా? చట్టం ఆజ్ఞ అన్నంతమాత్రాన ఉరి ధర్మమవుతుందా? వేల మైళ్ల దూరంనుండి వచ్చి ఒక దీవిని ఆక్రమించి, దానిని చెరసాలగా మార్చే హక్కు ఎవరు ఇచ్చారు? శిక్ష దేనికి: పగ తీర్చుకొనడానికా, భయపెట్టడానికా, మనిషిని మార్చడానికా?

షేర్ అలీ శరీరాన్ని ఎంత పరీక్షించినా, స్థావరం లెక్కలను ఎంత తిరగవేసినా ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. తెలియవలసిన వాస్తవాలన్నీ తెలిసిన ఇద్దరు వ్యక్తులు కూడా వీటిపై భేదించవచ్చు. నేటికీ అతనిని హంతకుడని స్మరించేవారు ఉన్నారు, దేశభక్తుడని స్మరించేవారూ ఉన్నారు. వారి మధ్య తేడా సమాచారంలో లేదు. మనిషి, న్యాయం, హక్కు, హింస అన్న మాటలకు వారిచ్చే అర్థంలో ఉన్నది. ఆ అర్థాలను పైకి తీసి పరీక్షించడమే తత్త్వశాస్త్రం పని.

అలాగని తత్త్వశాస్త్రం ఎవరి అభిప్రాయం వారిదని వదిలివేసే వ్యవహారం కాదు. దానికీ క్రమశిక్షణ ఉన్నది. ఒక వాదన ఏ మాటమీద నిలబడి ఉన్నదో చూపించడం, చెప్పకుండా దాచిన ఆధారాన్ని బయటపెట్టడం, ఒకచోట ఒప్పుకున్నదానిని మరోచోట కాదంటే పట్టుకోవడం, ఒక సూత్రాన్ని చివరిదాకా తీసుకుపోతే ఏమవుతుందో చూడడం దాని పద్ధతులు. ఉదాహరణకు, పైనున్న శక్తి ఆజ్ఞాపించింది కనుక నాకు బాధ్యత లేదన్న సూత్రాన్ని షేర్ అలీ నోట విని సామ్రాజ్యం తిరస్కరించింది. కాని అడవి నరికించి ఖైదీలను జ్వరాలకు బలిచేసిన అధికారులు, పైవారి ఉత్తర్వు అంటూ ఆశ్రయించినదీ అటువంటి సూత్రాన్నే. ఈ పోలికను సూక్ష్మదర్శిని చూపలేదు. విచారణ మాత్రమే చూపగలదు.

లెక్కించిన వైస్రాయి

హోప్ టౌన్‌లో మరణించిన వ్యక్తి కేవలం పాలకుడు కాడు, భారతదేశాన్ని లెక్కించడానికి పూనుకున్న పాలకుడు. 1872 జనగణనగా పేరొందిన మొదటి లెక్క ఆయన హయాంలోనే జరిగింది. దేశమంతటి గణాంకాలను సేకరించే బాధ్యతను ఆయన ప్రభుత్వం 1871లో హంటర్ అనే అధికారికి అప్పగించింది. మేయో జీవితచరిత్రను, హోప్ టౌన్ రేవులోని ఆఖరి ఘడియలను రాసినవాడు కూడా ఆ హంటరే. లెక్కించడం తప్పు కాదు. ఎంతమంది ఉన్నారో, ఎందరు చదువుకున్నారో, ఎందరు జ్వరంతో చనిపోయారో తెలియని ప్రభుత్వం ఎవరికీ మేలు చేయలేదు. మన హక్కుల పోరాటాలు నేటికీ జనగణన అంకెలను ఆశ్రయిస్తున్నాయి.

కాని అదే మేయో ప్రభుత్వం, అదే 1871లో, నేరస్థ జాతుల చట్టాన్ని కూడా చేసింది. కులవృత్తులు తండ్రినుండి కొడుకుకు సంక్రమించే దేశంలో నేరం కూడా వృత్తిగా సంక్రమిస్తుందని, కాబట్టి కొన్ని జాతులవారు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం వెనుకనున్న వాదం. 1911లో అది మద్రాసు రాజ్యానికి వర్తించింది. ఎరుకలవంటి సమూహాలను కాపలాలో ఉంచడానికి బాపట్ల సమీపంలో స్టూవర్టుపురం వెలసినది ఆ కాలంలోనే. స్వాతంత్ర్యానంతరం, 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. ఆ ఊరి పేరు చెప్పగానే దొంగతనం గుర్తుకు వచ్చే అలవాటు మాత్రం మన సినిమాలనుండి, మన మాటలనుండి ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఉన్నది. పుట్టుక నేరాన్ని నిర్ణయిస్తుందన్నది లెక్కలనుండి తేలిన ఫలితం కాదు. లెక్క పెట్టకముందే మనసులో ఉన్న ఊహ అది. ఆ ఊహను ఎవరూ ప్రశ్నించకపోవడంచేత అది శాస్త్రం వేషంలో చట్టమై కూర్చున్నది. విజ్ఞానం తనకు తత్త్వశాస్త్రంతో పనిలేదనుకున్నప్పుడు జరిగేది ఇదే. తత్త్వం లేకుండా పోదు, పరీక్షకు గురికాని తత్త్వం దొడ్డిదారిన ప్రవేశిస్తుంది.

విచిత్రమేమంటే, ఆ ఊహను ఖండించే సాక్ష్యం అండమాన్‌లోనే సామ్రాజ్యం కళ్లముందు పెరుగుతూ ఉండినది. కొంతకాలం శిక్ష అనుభవించిన ఖైదీలకు భూమి ఇచ్చి, స్వయంపోషకులుగా గుర్తించి, ఖైదీ స్త్రీలను వివాహమాడడానికి అనుమతించేవారు. వేరువేరు కులాలు, ప్రాంతాలు, మతాలు కలిసిన ఆ సంసారాల సంతానమే నేటికీ అక్కడ ‘లోకల్ బోర్న్’ అని పిలిచే సమాజం. నేరస్థులని ముద్రపడి ఓడలో వచ్చినవారి మనుమలు రైతులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు అయ్యారు. ప్రధాన భూమిలో బిగిసిన కులపు ముడి అక్కడ చాలావరకు సడలింది.

అదే దీవులలో మరొక దృశ్యం ఇంతకంటె దారుణమైనది. ఆ నేలకు మొదటినుండి హక్కుదారులైన గ్రేట్ అండమానీ ప్రజల మధ్య శిక్షాస్థావరంతోపాటు కొత్త వ్యాధులు ప్రవేశించాయి. 1877లో తట్టు వ్యాపించి అనేకులను బలిగొన్నది. 1890లలో పోర్ట్‌మన్ అనే అధికారి వారి శరీరాల కొలతలు శ్రద్ధగా నమోదు చేసి, ఛాయాచిత్రాలు తీసి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి సమర్పించాడు. 1901 జనగణనలో వారి సంఖ్య 625. 1961 నాటికి 19. ఒక ప్రజాసమూహం అంతరించిపోతున్న క్రమం దశాబ్దాల వారీగా అంకెలలో చక్కగా నమోదయింది. అంకెలు అబద్ధం చెప్పలేదు. కాని ఆ 625 మంది పట్ల మన కర్తవ్యం ఏమిటన్న ప్రశ్న ఏ పట్టికలోనూ గడి సంపాదించుకోలేదు.

ముక్కు కొలత, మనిషి విలువ

1901 జనగణనకు కమిషనరైన రిస్లే, కులాలను ముక్కు కొలతలతో ముడిపెట్టాడు. ముక్కు వెడల్పు తగ్గేకొద్దీ సామాజిక స్థాయి పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కూడా దక్షిణాదిలో తెలుగు కులాలతో సహా అనేక సమూహాల శరీరాలను కొలిచి, 1909లో రంగాచారి సహాయంతో ఏడు సంపుటాలు వెలువరించాడు. కులానికి మూలం జాతిభేదమే అన్న భావన చదువుకున్నవారిలో పాతుకుపోవడానికి ఇటువంటి కొలతలు తోడ్పడ్డాయి.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ వాదాన్ని ఎదుర్కొన్న తీరు మన విషయానికి గొప్ప నిదర్శనం. 1948లో ప్రచురించిన అస్పృశ్యుల మూలాలపై గ్రంథంలో ఆయన కొలతలను చూసి పారిపోలేదు. ఆ కొలతలనే తీసుకుని, బ్రాహ్మణులు ఒక జాతి అయితే అస్పృశ్యులూ ఆ జాతివారే కావాలని, జాతిభేద సిద్ధాంతం ఆ అంకెల ముందే నిలవదని చూపించాడు. ఇది విజ్ఞానరంగంలో విజ్ఞానపు ఆయుధంతో చేసిన పోరాటం. తప్పు వాస్తవాన్ని సరైన వాస్తవంతో ఖండించాలి.

అయితే ఒక ప్రశ్న వేసుకుందాం. ఒకవేళ ఆ కొలతలు మరోలా వచ్చి ఉంటే? ఇరువర్గాల ముక్కులూ నిజంగానే వేరని తేలి ఉంటే అంటరానితనం న్యాయమయ్యేదా? కానే కాదు. అంటరానితనం అన్యాయమన్నది ముక్కు కొలతపై ఆధారపడి లేదు. మనిషిని మనిషిగా చూడాలన్న నియమం ఏ కొలతనుండీ పుట్టలేదు, అందుచేత ఏ కొలతా దానిని కూల్చలేదు. రేపు రక్తకణాలలోనో జన్యువులలోనో ఏదో తేడా కనుగొన్నామని ఎవరైనా ప్రకటించినప్పుడు మనం రెండు పనులు చేయవలసి ఉంటుంది. మొదట ఆ మాట నిజమా అని వైజ్ఞానికంగా పరీక్షించాలి. ఆ తరువాత, నిజమే అయినా దానినుండి అసమానత్వం ఎలా తేలుతుందని తాత్త్వికంగా నిలదీయాలి. మొదటి పని మాత్రమే చేసేవారు తమ గౌరవాన్ని తరువాతి పరిశోధనాపత్రం దయకు వదిలివేసినవారవుతారు.

ఈ రెండు మెట్లూ బుద్ధుని బోధలోనే కనిపిస్తాయి. సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఇద్దరు బ్రాహ్మణ యువకులు, బ్రాహ్మణుడు పుట్టుకతో అవుతాడా, నడతతో అవుతాడా అని వాదించుకుని తథాగతుని వద్దకు వస్తారు. గడ్డి, చెట్లు, పురుగులు, పశువులు, పక్షులు, చేపల మధ్య జాతులను వేరుచేసే గుర్తులు ఉన్నాయని, మనుషుల మధ్య అటువంటి గుర్తులు లేవని ఆయన మొదట చూపుతాడు. ఇది పరిశీలన. ఆ తరువాత మనిషికి రైతు, వర్తకుడు, దొంగ, రాజు అన్న పేర్లు వచ్చేది అతడు చేసే పనివల్లనే అని విశదీకరిస్తాడు. ఇది విచారణ. అంగులిమాల కథ దీనికి ఆచరణ. వేళ్లమాల ధరించిన హంతకుని బంధించడానికి గుర్రపుదండుతో వచ్చిన పసేనది మహారాజు, తన ఎదుట శాంతంగా కూర్చున్న భిక్షువే అతడని తెలిసి, బంధించకుండా నమస్కరించి వెళ్లాడు. నేరం చేసినవాడు నేరమై పుట్టలేదన్న నిశ్చయం ఆ కథకు పునాది. అది 1871 చట్టానికి రెండువేల ఏళ్లకు పైగా ముందే దొరికిన సమాధానం.

అంబును తీసే విద్య

బుద్ధుడు తత్త్వచర్చనే తిరస్కరించాడని, అందుకు చూళమాలుంక్య సుత్తంలోని విషబాణపు ఉపమానం సాక్ష్యమని కొందరు చెబుతారు. లోకం శాశ్వతమా, అంతం గలదా అన్న ప్రశ్నలకు జవాబు చెబితేనే శిష్యునిగా ఉంటానన్న మాలుంక్యపుత్తునితో, బాణం దిగిన మనిషి దానిని కొట్టినవాడెవరో తెలిసేదాకా తీయనివ్వనంటే ఏమవుతుందని ఆయన అడిగాడు. ఆ క్షతగాత్రుడు అడిగే ప్రశ్నలలో మొదటిది మనం గమనించాలి: కొట్టినవాడు క్షత్రియుడా, బ్రాహ్మణుడా, వైశ్యుడా, శూద్రుడా? ప్రాణం పోతున్నా వాడి కులం తెలియాలి!

ఈ ఉపమానం తత్త్వశాస్త్రానికి వ్యతిరేకం కాదు. ఏ ప్రశ్న అడగదగినది, ఏ ప్రశ్న దుఃఖాన్ని పోగొట్టడానికి పనికివస్తుంది అని ప్రశ్నలనే తూచడం తత్త్వశాస్త్రంలోకెల్ల కఠినమైన పని. బుద్ధుడు చేసినది అదే. అంబేడ్కర్ కూడా ‘బుద్ధుడు ఆయన ధమ్మం’లో, తథాగతుడు తనకు నిశ్చయమైన విషయాలను నిశ్చయంగాను, కాని వాటిని తాత్కాలికంగాను చెప్పాడని, మనిషి మేలుకు సంబంధించని చర్చలో దిగలేదని వివరించాడు. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత గీయడం విజ్ఞానికీ తాత్త్వికునికీ సమానమైన నిజాయితీ.

మన ప్రాంతం ఈ రంగంలో వెనుకబడి లేదు. జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం అన్న రెండే ప్రమాణాలని నిర్ధారించిన దిఙ్నాగుడు వేంగీ ప్రాంతంలో ఉండి హేతువిద్యపై రచన సాగించినట్లు చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ నమోదు చేశాడు. వైజ్ఞానికుడు ప్రత్యక్షాన్ని, అనుమానాన్ని ఉపయోగిస్తాడు. దిఙ్నాగుని వంటి తాత్త్వికుడు అవి ఎప్పుడు నమ్మదగినవో, ఎందుకు నమ్మదగినవో విచారిస్తాడు. త్రాసుతో తూచేవాడు ఒకరు, త్రాసును పరీక్షించేవాడు మరొకరు.

పోకల లక్ష్మీనరసు ఈ రెండు విద్యలనూ ఒకే జీవితంలో పోషించినవాడు. మద్రాసులో కళాశాల విద్యార్థులకు విజ్ఞానశాస్త్రం బోధించిన ఆయన, 1907లో బౌద్ధ సారాన్ని వివరించే ప్రసిద్ధ గ్రంథాన్ని ఆంగ్లంలో వెలువరించాడు. 1948లో దానిని తిరిగి ముద్రించినప్పుడు అంబేడ్కరే పీఠిక రాశాడు. రసాయనిక సూత్రాలు తెలిసిన ఆ అధ్యాపకుడు దుఃఖానికి రసాయనిక సూత్రం వెదకలేదు. హేతువుతో పొసగని నమ్మకాన్ని వదులుకోవడం విజ్ఞానంనుండి నేర్చుకుని, జీవితాన్ని ఎటు నడపాలన్నది ధమ్మంలో వెదికాడు.

ధర్మానికి విజ్ఞానంతో ఉండవలసిన సంబంధాన్ని అంబేడ్కర్ 1950లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో స్పష్టంచేశాడు. మతం హేతువుతో, అనగా విజ్ఞానంతో ఏకీభవించాలి. కాని అది ఒక షరతు మాత్రమే. సమాజాన్ని నీతి నిలపాలి, ఆ నీతి స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను గుర్తించాలి, పేదరికాన్ని పవిత్రమని కీర్తించకూడదు. విజ్ఞానంతో విరోధించే ధర్మం నిలవదన్నది నిజం. విజ్ఞానంతో ఏకీభవించినంత మాత్రాన ధర్మమైపోదన్నదీ అంతే నిజం. ప్రయోగశాలలో లోపంలేని విషవాయువు కూడా తయారవుతుంది.

కనుక నాగార్జునుని శూన్యవాదంలో నేటి అణుభౌతికశాస్త్రం ముందే ఉన్నదని, ధ్యానాన్ని యంత్రాలు నిరూపించాయని చెప్పుకుని మురిసిపోవడం వల్ల మనకు ఒరిగేది తక్కువ. ఒక కాలపు సిద్ధాంతానికి ధమ్మాన్ని కట్టివేస్తే, ఆ సిద్ధాంతం మారిననాడు ధమ్మం కూడా పాతబడినట్లు కనిపిస్తుంది. చెడుగాలి సిద్ధాంతంపై ఆరోగ్యవిడిది కట్టదలచిన వైస్రాయి సంగతి మనం చూశాము. ఏదీ తనంతట తానుగా, ఇతరాలతో సంబంధం లేకుండా నిలవదని నాగార్జునుడు చూపినది కొత్త కణాన్ని కనుగొనడానికి కాదు. నేను, నా కులం, నా అధికారం అని మనిషి గట్టిగా పట్టుకున్న పిడికిలిని విప్పించడానికి.

చివరిగా రెండింటి మధ్య మరొక తేడా చెప్పుకోవాలి. దోమ సంగతి తెలుసుకోవడానికి ఎవరూ తమ నడతను మార్చుకోనక్కరలేదు. కాని మనుషులందరూ సమానులన్న దర్శనాన్ని ఒప్పుకున్నవాడు తన ఇంట్లో, తన వీధిలో, తన కొడుకు పెళ్లి సంబంధం దగ్గర దానిని పాటించకపోతే ఒప్పుకున్నట్లు కాదు. అందుకే త్రిశరణాలతో ఆగకుండా పంచశీలను స్వీకరిస్తాము. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూరులో ఇచ్చిన ఇరువదిరెండు ప్రతిజ్ఞలు కూడా అందుకే జీవితానికి సంబంధించినవి.

మన విహారాలలో, పఠన కేంద్రాలలో పిల్లలకు ఈ రెండు విద్యలూ కావాలి. జ్వరం వచ్చినవానికి తాయెత్తు కట్టకుండా రక్తపరీక్ష చేయించే బుద్ధి విజ్ఞానం ఇవ్వాలి. ఆ రోగి ఎవరైనా, ఏ ఊరివాడైనా, ఏ ముద్ర పడ్డవాడైనా పక్కన కూర్చుని నీళ్లు తాగించే నిశ్చయం దర్శనం ఇవ్వాలి. హోప్ టౌన్‌లో జ్వరానికి కారణం నలభై ఏళ్లలో దొరికింది. ఖైదీగా దిగినవాడూ, వైస్రాయిగా దిగినవాడూ, ఆ నేలలోనే పుట్టినవాడూ సమానులన్న మాటను ఆచరణలో పెట్టడం మాత్రం ప్రతి తరానికీ కొత్తగా మొదలయ్యే పని. ఆ పనిలో మన తరపు వంతు మనదే.